కారణాల జాబితా ఎవరు రాశారు?

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి వచ్చిన ఉద్యోగ, కార్మిక మిత్రులకు నమస్కారం.

హాజరు, సెలవు, పని లక్ష్యం, జీతంలో కోత ఇవన్నీ ఇప్పుడు ఏదో ఒక యాప్‌లోనే నడుస్తున్నాయి. దాన్ని మనం పనిముట్టు అనుకుంటున్నాం కానీ, నా దృష్టిలో అది నిబంధనల పుస్తకం. పూర్వం సర్క్యులర్ వస్తే నోటీసు బోర్డు దగ్గర నిలబడి చదివేవాళ్లం, నచ్చకపోతే సంఘం తరఫున అర్జీ పెట్టేవాళ్లం. ఇప్పుడు అదే నిబంధన అప్‌డేట్ పేరుతో రాత్రికి రాత్రి ఫోనులోకి దిగుతోంది, దాని కింద ఏ అధికారి సంతకమూ కనిపించదు.

ఆలస్యానికి కారణం అడిగే గడినే తీసుకోండి. అందులో నాలుగైదు కారణాలు ముందే రాసి ఉంటాయి. గరుడసేవ నాడు వాహనాలను మళ్లించడంతో లీలామహల్ కూడలిలో ఇరుక్కుపోయిన ఉద్యోగిని చెప్పుకోవలసిన కారణం ఆ జాబితాలో లేదనుకుందాం. ఆమె ‘అనారోగ్యం’ అని నొక్కుతుంది. నెలాఖరున పై అధికారి చూసే నివేదికలో అనారోగ్యాలు పెరిగినట్టు ఉంటుంది, దారి మూసుకుపోయిన సంగతి ఉండదు, తర్వాతి నిర్ణయం ఆ నివేదికను బట్టే జరుగుతుంది. ఉద్యోగి చేత అబద్ధం చెప్పించి, ఆ అబద్ధాన్నే సంస్థ నమ్ముతుందన్నమాట. రోజూ ఇలా పని మొదలుపెట్టవలసి వచ్చినవారికి ఒత్తిడి తగ్గాలని యోగా శిబిరాలు పెట్టడం నాకు వింతగా తోస్తుంది.

కొలతల సంగతీ ఇంతే. తిరుమల కొండెక్కే డీజిల్ బస్సుకూ, శ్రీకాళహస్తి దారిలో చదునున పోయే బస్సుకూ లీటరుకు ఇన్ని కిలోమీటర్లని ఒకే లెక్క పెడితే, ఘాట్ రోడ్డు డ్రైవరు ఎంత నేర్పరి అయినా పట్టికలో అడుగునే ఉంటాడు. ఆ లెక్క పెట్టేముందు ఒక్క డ్రైవరును అడిగినా ఈ తప్పు దొర్లేది కాదు.

2022 ఆగస్టులో మన రాష్ట్ర ప్రభుత్వం ఉపాధ్యాయులకు ముఖ గుర్తింపు హాజరు తెచ్చినప్పుడు, సొంత ఫోన్లలో ఆ యాప్ ఎందుకు పెట్టుకోవాలని సంఘాలు అడిగాయి. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి హాజరు కోసం రోజుకు రెండుసార్లు ఫోటో తప్పనిసరి అయింది. సిగ్నల్ అందని గుట్టల దగ్గర ఆ ఫోటో కూలీల పాలిట బెంగ. దొంగ మస్టర్లు, అంటే పనికి రానివారిని వచ్చినట్టు చూపే హాజరు పట్టీలు, ఉండేవన్నది నిజమే, వాటిని అరికట్టాలన్నదీ న్యాయమే. అయితే ఆ పద్ధతిని రూపొందించేటప్పుడు కూలీలను ఎవరు సంప్రదించారు?

సంప్రదించడం సాధ్యమేనని చూపినవాళ్లు ఉన్నారు. సిమ్యులా అనే ప్రోగ్రామింగ్ భాషను సృష్టించిన ఇద్దరిలో ఒకరైన క్రిస్టెన్ నిగార్డ్, 1970ల మొదట్లో నార్వే లోహ కార్మికుల సంఘంతో కలిసి, కంప్యూటర్ పద్ధతులను కార్మికులే పరిశీలించే పని చేపట్టారు. ఆ కృషి ఫలితంగా 1975లో అక్కడి కార్మిక సమాఖ్యకూ యజమానుల సంఘానికీ ఒప్పందం కుదిరింది. కొత్త పద్ధతి గురించి సామాన్య కార్మికుడికి అర్థమయ్యేలా ముందుగా చెప్పడం దానితో యాజమాన్యం బాధ్యత అయింది. మన దేశంలోనూ 1983లో బ్యాంకు ఉద్యోగ సంఘాలు కంప్యూటర్ల ప్రవేశంపై యాజమాన్యాలతో ఒప్పందం రాసుకున్నాయి. రాజ్యాంగంలో 43ఎ అధికరణం 1976 నాటి సవరణతో చేరింది. పరిశ్రమల నిర్వహణలో కార్మికులకు భాగస్వామ్యం ఉండాలని అది అంటుంది, అయితే ఆదేశిక సూత్రం కనుక దాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్లలేం.

అందుకే ఆ హక్కును కొనుగోలు పత్రాల్లోనే రాయించుకోవాలని నా ప్రతిపాదన. సాఫ్ట్‌వేర్‌కు టెండరు పిలిచేటప్పుడే, దాన్ని వాడబోయే ఉద్యోగుల ప్రతినిధులు కొన్నాళ్లు పరీక్షించాకే తుది బిల్లు చెల్లిస్తామని షరతు పెట్టవచ్చు. కారణాల జాబితాను సంఘంతో కూర్చుని రాయాలి, అందులో సొంత మాటల్లో రాసుకునే ఖాళీ గడి ఒకటి తప్పక ఉండాలి, ఆ గడిలో రాసినదాన్ని చదివి జవాబివ్వవలసిన అధికారి హోదా ఏమిటో కూడా అక్కడే పేర్కొనాలి.