వీడియో కాల్‌లో డాక్టర్ ఉంటే దూరం పోయినట్టేనా?

[తెరపై: మ్యాప్. ఒక మూల పల్లె, మరో మూల ఆసుపత్రి]

ఫోన్‌లోనే డాక్టర్ కనిపిస్తుంటే ఇంకా దూరం గొడవేంటి అంటాం. భూగోళశాస్త్రం ప్రొఫెసర్లు మాత్రం అంత తొందరగా ఒప్పుకోరు.

అమెరికాలోని లూసియానా స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఫాహుయ్ వాంగ్ సంగతే చూడండి. 2003లో ఆయన, వెయ్ లువో కలిసి షికాగో ప్రాంతంలో డాక్టర్లు ఎవరికి ఎంత అందుతున్నారో కొలిచారు. ఆ పద్ధతి పేరు 'టూ స్టెప్ ఫ్లోటింగ్ క్యాచ్‌మెంట్ ఏరియా'. పేరు విని టెన్షన్ పడకండి, లెక్క తేలికే.

[యానిమేషన్: డాక్టర్ చుట్టూ వలయం]

మొదటి అడుగు డాక్టర్ దగ్గర నుంచి. అరగంటలో కారులో ఒక డాక్టరమ్మ దగ్గరికి చేరగలిగేవాళ్లు 2,000 మంది అనుకుందాం. అంటే వెయ్యి మందికి అర డాక్టర్. పక్క ఊరి డాక్టర్‌గారి వలయంలో 1,000 మందే ఉన్నారు. ఆయన వెయ్యికి ఒకరు.

[యానిమేషన్: ఇంటి చుట్టూ వలయం]

రెండో అడుగు మన గుమ్మం నుంచి. మన అరగంటలో ఇద్దరూ ఉంటే అర, ఒకటి కలిపి ఒకటిన్నర. డాక్టరమ్మ ఒక్కరే ఉంటే అర. రెండిళ్ల మధ్య ప్రయాణం పది నిమిషాలే కావచ్చు, వైద్యం దగ్గరికొచ్చేసరికి మూడు రెట్ల తేడా! జిల్లాకి ఇంతమంది డాక్టర్లు అని చెప్పే లెక్కలో ఇది కనిపించదు.

2021లో వాంగ్ కూడా పాలుపంచుకున్న ఒక పరిశోధనా పత్రం ఇదే లెక్కలోకి బ్రాడ్‌బ్యాండ్‌ను తెచ్చింది. డాక్టర్‌కి, పేషెంట్‌కి మధ్య రోడ్డుంటే చాలదు, సరిపడా నెట్ ఉందా అని కూడా చూడాలన్నమాట.

అసలు చిక్కు ఇక్కడే. నెట్‌తో డాక్టరమ్మ వలయం పెద్దదవుతుంది కానీ ఆమె రోజులో గంటలు పెరగవు. 2,000 మంది పంచుకున్న టైమ్‌ని ఇప్పుడు 5,000 మంది పంచుకోవాలి. నెట్ ఉన్నవాళ్లకి కొత్త డాక్టర్లు కలిసొస్తారు. లేనివాళ్లకి ఉన్న ఒక్క డాక్టర్ టైమూ తరుగుతుంది. పైగా ఇళ్లు దూరదూరంగా ఉన్నచోట క్లినిక్ గిట్టుబాటు కాదు, కేబుల్ వేయడమూ గిట్టుబాటు కాదు. రెండు లోట్లూ ఒకే ఊరి నెత్తిన పడతాయి.

[తెరపై: పల్లెలో ఆరోగ్య కేంద్రం]

మన దగ్గర ఈ-సంజీవని, అంటే ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ వైద్య సేవ, వేరే దారి పట్టింది. ఆరోగ్య కేంద్రాల్లో దీన్ని దేశంలో అందరికంటే ముందు, 2019 నవంబరులో, మొదలుపెట్టింది ఆంధ్రప్రదేశే. పేషెంట్ ఊళ్లోని కేంద్రానికి వెళ్తే, అక్కడి సిబ్బంది హబ్‌లో, అంటే డాక్టర్లు కూర్చునే కేంద్రంలో, ఉన్న డాక్టర్‌తో వీడియోలో మాట్లాడిస్తారు. ఇంట్లో నెట్ లేకపోయినా, స్మార్ట్‌ఫోన్ నొక్కడం రాకపోయినా పని నడుస్తుంది.

మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మ ఆ కేంద్రం దాకా నడవాలి కదా అంటారా? అందుకే ఈ మ్యాప్‌లో రెండు గీతలు గీయాలి. ఇంటి నుంచి కేంద్రానికి నడక ఒకటి, కేంద్రం నుంచి హబ్‌కి సిగ్నల్ ఒకటి.

[తెరపై: రెండు గీతలు. రెండోది మధ్యలో తెగి, మళ్లీ అతుక్కుంటుంది]