రోబోటిక్స్ రీసెర్చ్‌కి వెళ్లాలా? ముందు ఒక్క మోటర్‌ని లొంగదీయండి

నమస్తే. రోబోటిక్స్ రీసెర్చ్ అంటున్న బీటెక్ పిల్లల రెజ్యూమె తీస్తే లైన్ ఫాలోవర్, బ్లూటూత్ కారు, అడ్డమొస్తే ఆగే బండి వరసగా కనిపిస్తాయి. తప్పేం లేదు. కానీ వాటిల్లో ఒక్క అంకె ఉండదు. బండి కదిలింది, అంతే. అడిగిన వేగానికి ఎంత తేడాలో తిరిగింది, ఎందుకు వణికింది అంటే జవాబు రాదు. కంట్రోల్ సిస్టమ్స్ మొదలయ్యేదే ఆ ప్రశ్న దగ్గర. అందుకే ఇవాళ రోబో వద్దు, ఒక్క మోటర్ చాలు.

వెనకాల హాల్ ఎన్‌కోడర్ (మోటర్ తిరిగేకొద్దీ పల్సులు ఇచ్చే సెన్సర్) ఉన్న 12 వోల్టుల గేర్ మోటర్, ఆర్డుయినో ఊనో ఆర్3, టీబీ6612 డ్రైవర్ (ఆర్డుయినో చెప్పినట్టు మోటర్‌కి కరెంట్ అందించే బోర్డు), ఒక అడాప్టర్ తీసుకోండి. ఎల్298 డ్రైవర్ ఎక్కడైనా దొరుకుతుంది గానీ, దాదాపు 2 వోల్టులు అదే మింగేస్తుంది, కరెంట్ పెరిగితే ఇంకా ఎక్కువ. డ్రైవర్ గ్రౌండ్‌నీ ఆర్డుయినో గ్రౌండ్‌నీ కలపడం మాత్రం మరవకండి.

ఇప్పుడు లెక్క. గేర్ల ముందు మోటర్ తిరిగే ఒక చుట్టుకి ఎన్‌కోడర్ 11 పల్సులు ఇస్తుందనుకుందాం. రెండు ఛానెళ్లు, రెండు అంచులూ లెక్కపెడితే 44. గేర్ నిష్పత్తి 34 అయితే, బయటి షాఫ్ట్ ఒక చుట్టుకి 1496 కౌంట్లు. ప్రతి 10 మిల్లీసెకన్లకి వేగం కొలిస్తే, ఒక్క కౌంట్ అటూ ఇటూ అయినా 4 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) తేడా. "ఇంకా వేగంగా కొలుద్దాం" అని 1 మిల్లీసెకన్‌కి దిగారా, అదే కౌంట్ 40 ఆర్‌పీఎం అవుతుంది! గ్రాఫ్ రంపంలా తయారవుతుంది. మోటర్‌ని అడిగిన వేగానికి తెచ్చే పీఐడీ కంట్రోలర్‌లో పీ ఇప్పటి తేడాని, ఐ పేరుకున్న తేడాని, డీ తేడా మారే వేగాన్ని చూస్తాయి. ఈ రంపం మీద డీ టర్మ్ పెడితే మోటర్ కీచుమంటుంది. చాలామంది ఇక్కడ పీఐడీనే తిడతారు, పాపం దాని తప్పేం లేదు.

ఇంకో దొంగ దెబ్బ ఉంది. ఊనో 8 బిట్ల చిప్, మీ కౌంటరేమో 4 బైట్లు. మీరు చదువుతుండగా మధ్యలో ఇంటరప్ట్ (పల్స్ రాగానే నడుస్తున్న పని ఆపి కౌంటర్ పెంచే కోడ్) వస్తే సగం పాత విలువ, సగం కొత్తది చేతికొస్తుంది. అప్పుడప్పుడు వేగం ఉన్నట్టుండి ఆకాశానికి ఎగిరిందంటే అనుమానం దీని మీదే. ఇంటరప్ట్‌లు ఆపి, కాపీ చేసుకుని, మళ్లీ తెరవండి. కంప్యూటర్‌కి అంకెలు పంపే సీరియల్ వేగాన్ని కూడా 9600 దగ్గర వదిలెయ్యకండి. ఆ వేగంలో 10 మిల్లీసెకన్లలో పట్టేది 9 అక్షరాలే. బఫర్ నిండగానే మీ లూప్ ఆగి నిలబడుతుంది. 115200 పెట్టండి.

ఇక అసలు పని. పీడబ్ల్యూఎం (మోటర్‌కి ఎంత పవర్ ఇవ్వాలో చెప్పే 0 నుంచి 255 దాకా అంకె) 100 మీద స్థిరపడనిచ్చి ఒక్కసారిగా 150 చెయ్యండి. సున్నా నుంచి మొదలుపెట్టకండి, అక్కడ రాపిడి వల్ల మోటర్ కాసేపు కదలదు, లెక్క చెడుతుంది. వేగం 110 ఆర్‌పీఎం నుంచి 175కి వెళ్లిందనుకుందాం. 65ని 50తో భాగిస్తే గెయిన్ 1.3. ఆ పెరుగుదలలో 63 శాతానికి పట్టిన సమయం టైమ్ కాన్‌స్టెంట్, 0.08 సెకన్లు అనుకోండి. కంట్రోలర్ పెట్టాక అది 0.1 సెకన్లు ఉంటే చాలనుకుంటే, పీ భాగం బలం కేపీ అంటే 0.08ని 1.3, 0.1ల లబ్ధంతో భాగించడం, సుమారు 0.62. దాన్ని 0.08తో భాగిస్తే ఐ భాగం బలం కేఐ, 7.7. డీ అక్కర్లేదు. నాబ్ తిప్పుతూ దేవుడి మీద భారం వెయ్యడం ఉండదు.

ఇప్పుడు వేగాన్ని 110 నుంచి 150 ఆర్‌పీఎంకి వెళ్లమనండి. ముందే కాగితం మీద రాసిపెట్టండి: 0.1 సెకన్ల దగ్గర 135 ఉండాలి. కొలత 128 వచ్చిందా? మంచిదే, ఆ తేడా ఎక్కడిదో వెతకండి. వేగం కొలిచే ఆలస్యమా, లోడ్ పడితే అడాప్టర్ వోల్టేజ్ పడిపోతోందా? తర్వాత, మోటర్ చిన్నదే కాబట్టి, షాఫ్ట్‌ని ఒక్క సెకను పట్టుకుని వదలండి. పిచ్చెక్కినట్టు పరుగెడితే ఇంటిగ్రల్, అంటే ఐ భాగం కూడిక, పేరుకుపోయినట్టే. పీడబ్ల్యూఎం 255 తాకినప్పుడు ఆ కూడిక ఆపెయ్యండి.

ఇదంతా చేతికొచ్చాక స్టేట్ స్పేస్, ఎల్‌క్యూఆర్, కాల్మన్ ఫిల్టర్ లాంటి పై కంట్రోల్ పాఠాలు చదివితే అవి పరీక్ష కోసం బట్టీ పట్టే పేర్లుగా ఉండవు. ఈలోపు లీనియర్ ఆల్జీబ్రాని మాత్రం సెమిస్టర్ మార్కులతో వదిలెయ్యకండి, ఐగెన్ విలువలు రాకపోతే తర్వాతి పేజీ తిరగదు.

ఎక్కడికి వెళ్లాలంటే, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో రోబోటిక్స్ రీసెర్చ్ సెంటర్ ఉంది. అక్కడ ఎంఎస్ బై రీసెర్చ్‌కి పీజీఈఈ అనే సొంత పరీక్ష పెడతారు, గేట్ ఒక్కటే దారి అనుకోకండి. కంట్రోల్ థియరీ మీద మనసుంటే ఐఐటీ బాంబేలో సిస్టమ్స్ అండ్ కంట్రోల్, బెంగళూరు ఐఐఎస్‌సీలో రాబర్ట్ బాష్ సెంటర్ చూడండి. ఇంటర్న్‌షిప్ కోసం ప్రొఫెసర్‌కి రాసేటప్పుడు "ఐ యామ్ ప్యాషనేట్" అని రెండు పేరాలు వద్దు. ఆయన పేపర్ ఒకటి చదివి, అందులో అర్థంకాని ఒక్క ప్రశ్న అడిగి, ఒకే పేజీ జతచెయ్యండి. లెక్క చెప్పిన గీత, మోటర్ గీసిన గీత ఒకే గ్రాఫ్ మీద, అవి ఎక్కడ విడిపోయాయో, కారణం ఏమని మీరు తేల్చుకున్నారో కింద నాలుగు లైన్లలో.