సీటు కింద షాకప్‌కి తొడుగు వేయండి, కానీ వేసి మర్చిపోకండి

[సీటు మీద రెండు చేతులూ పెట్టి గట్టిగా నొక్కుతూ]

వినపడిందా? ఇంకోసారి నొక్కుతా చూడండి. కిర్ర్... కిర్ర్. పోయిన వర్షాకాలం అయ్యాక మూడు వారాలు నేను ఈ సౌండ్‌తోనే తిరిగాను, ముందు వెళ్తున్న వాకింగ్ వాళ్లు బెల్ కొట్టకుండానే పక్కకి జరిగిపోయేవారు, అంత బాగుండేది పరిస్థితి.

నమస్తే అండి. ఇవాళ సస్పెన్షన్ సీట్‌పోస్ట్ గురించి, అంటే మన భాషలో సీటు రాడ్‌కి షాకప్ అన్నమాట. ఏది కొనాలో చెప్పే వీడియో కాదిది, ఆల్రెడీ కొనేసి రెండేళ్లుగా దాని వైపు తిరిగి చూడని వాళ్ల కోసం. నేనూ ఆ బ్యాచే.

[వెనక నుంచి సైకిల్, కెమెరా టైర్ ఎత్తులో]

ముందు ఇక్కడ చూడండి. వెనక టైరు ఇది, దానికి సరిగ్గా ఎదురుగా సీట్‌పోస్ట్. టైరు తిరుగుతూ ఎత్తిపోసే నీళ్లు, ఇసుక, బురద అన్నీ ఎక్కడికెళ్తాయి? తిన్నగా ఆ కీళ్ల మీదకే. ఫోర్క్‌లో ఉన్న షాకప్‌కి సీళ్లుంటాయి, దీనికి చాలా మోడల్స్‌లో అవి అంతంతమాత్రమే. పైగా మాది వైజాగ్, బీచ్ రోడ్డులో భీమిలి వైపు పొద్దున్నే తొక్కుతా, ఆ ఉప్పుగాలికి ఇంట్లో గేటు కడ్డీలే తుప్పు పట్టిపోతాయి, ఇక దీని సంగతి చెప్పేదేముంది.

రెండు రకాలుంటాయి. ఒకటి టెలిస్కోపిక్, గొట్టంలో గొట్టం, లోపల స్ప్రింగ్ ఉంటుంది, సైకిల్ పంపు లాగా పైకి కిందకి ఆడుతుంది. రెండోది ప్యారలలోగ్రామ్, ఇదిగో నా దాని లాగా నాలుగు కీళ్ల మీద ఊగుతూ సీటు వెనక్కి, కిందకి దిగుతుంది. సన్‌టూర్ ఎన్‌సీఎక్స్, కేన్ క్రీక్ థడ్‌బస్టర్, రెడ్‌షిఫ్ట్ షాక్‌స్టాప్ ఇవన్నీ ఈ రెండో రకం. ఎన్‌సీఎక్స్ 50 మిల్లీమీటర్లు దిగుతుంది, షాక్‌స్టాప్ 35, థడ్‌బస్టర్‌లో పెద్దది 90 దాకా. థడ్‌బస్టర్‌లో స్ప్రింగ్ ఉండదు, ఎలాస్టోమర్ అని రబ్బరు ముద్ద లాంటిది ఉంటుంది, ఈ తేడా కాసేపాగాక పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు తొడుగు. కంపెనీ నియోప్రీన్ (మందంగా, గుడ్డలా వంగే రబ్బరు) కవర్లు కొన్ని మోడల్స్‌కి దొరుకుతాయి, దొరికితే అదే కొనేయండి. దొరక్కపోతే మెడికల్ షాపులో మోకాలికి వేసుకునే నీక్యాప్ ఉంటుంది చూశారా, నల్లగా మందంగా, అది కూడా చాలావరకు నియోప్రీనే. దాన్ని నిలువునా కోసి టైలర్ దగ్గర వెల్క్రో కుట్టించుకుంటే పనైపోద్ది. పాత స్కూటర్ ట్యూబు ముక్కతో కూడా చెయ్యొచ్చు, నేను మొదట అదే చేశా.

చేసి ఏం తప్పు చేశానంటే, గాలి కూడా దూరకూడదన్నట్టు పైనా కిందా కేబుల్ టైలతో బిగించేశా. ఇక నిశ్చింత అనుకుని జూన్ నుంచి నవంబర్ దాకా విప్పలేదు. నీళ్లు పై నుంచి ఎలాగో దూరాయి, దూరినవి బయటికి పోలేదు, ఉప్పు నీళ్లలో ఊరగాయ వేసినట్టు అయిపోయింది లోపల. విప్పేసరికి ఎర్రగా తుప్పు కారింది, ఒక కీలు అయితే కదల్లేదు. తొడుగే లేకుండా తిరిగిన మా ఫ్రెండ్ సైకిల్ నా దానికన్నా బాగుంది, వాడు కనీసం గుడ్డ పెట్టి తుడిచేవాడు మరి. కాబట్టి తొడుగు కింద వైపు కొంచెం వదులుగా ఉండాలి, నీళ్లు కారిపోవాలి, వానలో తిరిగొస్తే ఇంటికి రాగానే విప్పి ఆరబెట్టాలి. ఇంకోటి, తొడుగేశాక సీటు నొక్కి చూడండి, కీళ్ల మధ్యలో గుడ్డ నలిగిపోకూడదు.

టెలిస్కోపిక్ దానికైతే అకార్డియన్ లాగా మడతలున్న రబ్బరు బూటు వస్తుంది, అది చిరిగితే మార్చేయండి, దాని గురించి అంతకన్నా చెప్పేదేం లేదు. ఆ, అన్నిటికన్నా చవకైన రక్షణ మర్చిపోయా, వెనక ఫుల్ మడ్‌గార్డ్. స్టైల్ పోద్దని తీసేస్తాం, తర్వాత ఇలా వీడియోలు చేసుకుంటాం.

[టేబుల్ మీద గుడ్డ, పాత టూత్ బ్రష్, గ్రీజు డబ్బా, ఎలన్ కీలు]

క్లీనింగ్‌కి వద్దాం. వాటర్ సర్వీసింగ్ సెంటర్‌లో ప్రెషర్ గన్ పెట్టించకండి అండి, ప్లీజ్. ఆ ఫోర్స్‌కి ఇసుక బయటికి పోదు, కీళ్లలో ఉండే బుష్‌ల, అంటే చిన్న గొట్టాల్లాంటి వాటి లోపలికి పోద్ది. తడిగుడ్డ, బ్రష్, కొంచెం సబ్బు నీళ్లు చాలు. చైను కడిగే కిరోసిన్ చేత్తో ఉంది కదా అని దీని మీద పోస్తారు కొంతమంది, కీళ్లలో ఉన్న గ్రీజు మొత్తం కరిగిపోద్ది, ఎలాస్టోమర్ ఉంటే అది పాడయ్యే ఛాన్స్ కూడా ఉంది. డబ్ల్యూడీ-40 నీలం పసుపు డబ్బా కూడా అంతే, కొట్టగానే సౌండ్ ఆగుద్ది కాబట్టి మనకి నచ్చేస్తుంది, వారం తిరగకుండా ఇంకా గట్టిగా మొదలవుద్ది, ఎందుకంటే అది ఉన్న గ్రీజుని కూడా కడిగేసి పోయింది. కొబ్బరి నూనె సంగతి నన్ను అడక్కండి, దుమ్ముతో కలిసి జిగురు అయిపోద్ది.

మెటల్ స్ప్రింగ్‌కి, మెటల్ మీద మెటల్ రాసుకునే చోట మామూలు లిథియం గ్రీజు సరిపోద్ది. రబ్బరు, ప్లాస్టిక్ తగిలే చోట సిలికాన్ గ్రీజు. కీళ్ల దగ్గర గ్రీజు పులిమేయడం కాదు, రాసి, సీటుని పది పదిహేను సార్లు నొక్కి, బయటికొచ్చింది తుడిచేయండి, బయట మిగిలిన గ్రీజు ఇసుకని పిలిచి కూర్చోబెడుతుంది. ఎలాస్టోమర్‌కి పగుళ్లు వచ్చాయేమో చూడండి, నొక్కితే తిరిగి లేవకుండా అణిగిపోయి ఉంటే మార్చాల్సిందే. చలికి అది గట్టిపడుద్ది, ఎండకి మెత్తబడుద్ది, అందుకే డిసెంబర్‌లో బానే ఉన్నది మేలో మరీ దిగిపోయినట్టు అనిపిస్తే కంగారు పడకండి.

టెలిస్కోపిక్ విప్పేవాళ్లకి ఒక మాట. అడుగున ప్రీలోడ్ బోల్ట్ ఉంటుంది, అంటే స్ప్రింగ్ ముందే ఎంత నొక్కుకుని ఉండాలో సెట్ చేసేది, దాన్ని విప్పితే స్ప్రింగ్ బయటికొస్తుంది, స్ప్రింగ్ టెన్షన్‌లో ఉంటుంది కాబట్టి ఆ చివర మీ మొహం వైపు పెట్టుకోకండి. ఏ ముక్క తర్వాత ఏ ముక్క వచ్చిందో ఫోన్‌లో ఫోటో తీసుకోండి, ప్లాస్టిక్ ముక్కలు చిన్న చిన్నవి ఉంటాయి, నేల మీద పడితే ఇక అంతే. సీటు ఎడాపెడా ఊగుతోందంటే బూటు కింద ఉన్న కాలర్ నట్ లూజయిందేమో ముందు చూడండి, కాస్త ఆట ఉండటం ఈ రకంలో మామూలే.

ప్రీలోడ్ మాటొచ్చింది కాబట్టి చెప్పేస్తా. మీరు మామూలుగా కూర్చున్నప్పుడు మొత్తం దిగే దాన్లో దాదాపు ఐదో వంతు దిగాలి, అంటే 50 మిల్లీమీటర్ల దానికి 10. ఎవరినైనా టేపు పట్టుకోమని, ఖాళీగా ఒకసారి, కూర్చుని ఒకసారి నేల నుంచి సీటు ఎత్తు కొలవండి. ఎక్కువ దిగితే బోల్ట్ బిగించాలి, తక్కువైతే లూజు చేయాలి, కానీ లూజు చేస్తూ చేస్తూ బోల్ట్ పైపు చివర నుంచి బయటికి పొడుచుకొచ్చేలా చేయకూడదు. పూర్తిగా బిగించినా ఢం ఢం అని అడుగుకి తగుల్తుంటే అది ప్రీలోడ్ సమస్య కాదు, మీ బరువుకి గట్టి స్ప్రింగ్ కావాలి. అలా రోజూ అడుగుకి కొట్టించుకుంటూ తిరిగితే ఎంత గ్రీజు రాసినా కీళ్లు నిలవవు.

[ఫ్రేమ్ నుంచి పోస్ట్ బయటికి లాగుతూ]

ఇది మాత్రం అందరూ చేయాలి, షాకప్ ఉన్నా లేకపోయినా. రెండు మూడు నెలలకోసారి పోస్ట్ మొత్తం బయటికి తీయండి. తీసేముందు ఎత్తు దగ్గర ఇన్సులేషన్ టేప్ చుట్టండి, మళ్లీ వెతుక్కోనక్కర్లేదు. నా ఫ్రేము స్టీలు, పోస్ట్ అల్యూమినియం, మధ్యలో ఉప్పు తేమ, ఈ మూడూ కలిస్తే అల్యూమినియం తెల్లగా పొడి కట్టి ఉబ్బుతుంది, పోస్ట్ ఫ్రేములో వెల్డింగ్ చేసినట్టు పట్టేస్తుంది. నాది పట్టేసింది. షాపులో కుర్రాడు సీటు పట్టుకుని మెలి తిప్పబోతే నేనే ఆపా, షాకప్ ఉన్న పోస్ట్‌కి అలా చేస్తే ఆ మెలి మొత్తం కీళ్ల మీద పడుద్ది, పోస్ట్ రాదు, కీళ్లు వంగిపోతాయి. రెండు రోజులు తుప్పు వదిలే నూనె పోస్తూ, కింద గొట్టాన్నే పట్టి కొంచెం కొంచెం తిప్పితే అప్పుడొచ్చింది. మెటల్ ఫ్రేమ్ అయితే లోపల పల్చగా గ్రీజు రాయండి, షిమ్, అంటే పోస్ట్ సన్నగా ఉంటే చుట్టూ వేసే పల్చటి గొట్టం, వేసుంటే దానికి రెండు వైపులా. కార్బన్ ఫ్రేమ్ అయితే గ్రీజు వద్దు, జారకుండా పట్టి ఉంచే కార్బన్ పేస్ట్ రాయండి.

తిరిగి పెట్టేటప్పుడు మినిమం ఇన్సర్షన్ గీత, అంటే పోస్ట్ కనీసం ఇంత లోపలికి ఉండాలని దాని మీద ఉండే గుర్తు, బయటికి కనపడకూడదు. క్లాంప్ మీద ఎన్ని న్యూటన్ మీటర్లో రాసుంటుంది, చాలావాటికి 5, 6 దగ్గర, అంతే బిగించండి. పిల్లల సీటు ఈ పోస్ట్‌కి తగిలించకండి, వెనక కూర్చున్న పిల్లలు కీళ్లలో వేలు పెడితే నలిగిపోద్ది. సీటు కింద బ్యాగు పెద్దదైతే గుంతలో దిగినప్పుడు టైరుకి తగుల్తుందేమో చూసుకోండి.

ఇంత చేసినా కిర్ర్ పోలేదా? లేచి నిలబడి తొక్కండి. నిలబడ్డా సౌండ్ వస్తుంటే అది పెడల్ దగ్గరో బాటమ్ బ్రాకెట్ (పెడల్ కడ్డీలు తిరిగే ఇరుసు) దగ్గరో. కూర్చుంటేనే వస్తుంటే సీటు పట్టాలు క్లాంప్‌లో కూర్చున్న చోట విప్పి తుడిచి, చుక్క గ్రీజు పెట్టి బిగించండి. నాకు మూడు వారాలు పరువు తీసిన సౌండ్‌లో సగం అక్కడిదే.

[కూర్చుని రెండుసార్లు ఊగి, నిశ్శబ్దం]

ఆ. ఇప్పుడు ఏం లేదు. ఓ 20 కిలోమీటర్లు తిరిగొచ్చి బోల్టులు ఇంకోసారి చూస్తా, కొత్తగా గ్రీజు పెట్టాక కాస్త సర్దుకుంటాయవి.