ఖాళీ పోస్టు బరువు ఎవరు మోస్తున్నారు?

అందరికీ నమస్కారం.

‘స్టాఫ్ తక్కువండీ’ అనే మాట ఆసుపత్రి మీటింగుల్లో రోజూ వింటాం. ఎండలు ముదిరాయి అన్నంత మామూలుగా అనేసి తర్వాతి విషయానికి వెళ్ళిపోతాం. నా బాధంతా అక్కడే. పోస్టు ఖాళీగా ఉంటుంది గానీ, పని ఖాళీగా ఉండదు. నైట్ డ్యూటీ దిగి ఇంటికెళ్ళాల్సిన సిస్టరే పొద్దుటి షిఫ్టూ చేస్తుంది. ఆమె కూడా చేయలేకపోతే రోగి అనుభవిస్తాడు.

నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రులను పరిశీలించి 2002లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఆపరేషన్ వార్డుల్లో ఒక నర్సు చూసుకోవాల్సిన రోగుల సంఖ్య ఒక్కటి పెరిగినా, 30 రోజుల్లోపు రోగి చనిపోయే ముప్పు 7 శాతం, నర్సు మానసికంగా అలసిపోయే ముప్పు 23 శాతం ఎక్కువగా కనిపించాయి. ఈ రెండో అంకె నన్ను ఎక్కువ భయపెడుతుంది. అలసిన మనిషి ఉద్యోగం మానేస్తే, ఆ భారం మిగిలినవాళ్ళ మీద పడుతుంది. వాళ్ళూ అలసిపోతారు.

ఇంగ్లండ్‌లోని మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆసుపత్రిలో ఏం జరిగిందో, విచారణ జరిపిన న్యాయవాది రాబర్ట్ ఫ్రాన్సిస్ 2013లో ఇచ్చిన నివేదికలో ఉంది. ఆసుపత్రి పెద్దల దృష్టంతా ఆర్థిక లక్ష్యాల మీద, ‘ఫౌండేషన్ ట్రస్ట్’ అనే పై హోదా తెచ్చుకోవడం మీద ఉంది. ఖర్చు తగ్గించాలని సిబ్బందిని తగ్గించారు. మంచినీళ్ళు కూడా చేతికందక రోగులు విలవిల్లాడారు. అక్కడ కొరత ఆకాశం నుంచి ఊడిపడలేదు, గదిలో కూర్చున్నవాళ్ళు సంతకాలు పెట్టి తెచ్చుకున్నారు.

2030 నాటికి ప్రపంచంలో సుమారు 1.1 కోట్ల మంది ఆరోగ్య సిబ్బంది తక్కువ పడతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అసలే కొరత ఉన్న పేద దేశాల నుంచి నర్సులను లాక్కోవద్దని 2010లోనే ఒక నియమావళి వచ్చింది. కానీ అది స్వచ్ఛందం, కాదంటే అడిగేవాళ్ళు లేరు. అంత పెద్ద లోటును ఒక సూపరింటెండెంటు పూడ్చలేరు, నిజమే. ఉన్నవాళ్ళను నిలబెట్టుకోవడం మాత్రం వారి చేతిలోనే ఉంది.

నేను బాధ్యతలో ఉన్నప్పుడు ఒక సీనియర్ సిస్టర్ రాజీనామా ఇచ్చారు. అప్పుడు గానీ ఆమె ఫైలు తెరవలేదు నేను. తిరస్కరించిన సెలవు చీటీలు నాలుగు ఉన్నాయి, మూడింటి మీద సంతకం నాదే. ఆమెను ఆపలేకపోయాను. ఆ తర్వాత డ్యూటీ చార్ట్ నెల ముందే వేయించాను. నర్సులు సరిపోని రాత్రి కొత్త కేసులను పక్క ఆసుపత్రికి పంపే అధికారం వార్డు ఇన్‌చార్జికే ఇచ్చాను. పైనుంచి ఫోన్లు వచ్చాయి. అవి నేనే ఎత్తాను, ఇన్‌చార్జిదాకా వెళ్ళనివ్వలేదు.