అరవని కోచ్: టోనీ డంగీ

చెల్లి: అందరికీ నమస్కారం. మా అన్నయ్య అమెరికాలోని టాంపా నుంచి లైన్లో ఉన్నాడు. అన్నయ్యా, అమెరికన్ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని ఒకళ్ల మీద ఒకళ్లు పడటం తప్ప నాకేమీ తెలీదు. నువ్వేమో టోనీ డంగీ గురించి ఒక ఎపిసోడ్ చేద్దామని నెల రోజులుగా నా వెంటపడ్డావ్.

అన్న: ఆ మనిషి గురించి తెలుగులో ఎవరూ మాట్లాడగా నేను వినలేదమ్మా, అందుకే. ఆట పూర్తిగా తెలియక్కర్లేదు, రెండు ముక్కలు చాలు. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి విసిరేవాడు, ఆటంతా అతని చేతుల మీదుగా నడుస్తుంది. సేఫ్టీ అంటే అవతలి జట్టు బంతి విసిరినప్పుడు అందరికన్నా వెనక కాపు కాసేవాడు. వాణ్ణి దాటితే ఇక అడ్డు లేదు.

చెల్లి: డంగీ ఈ రెండిట్లో ఏది?

అన్న: రెండూ! అసలు కథంతా అక్కడే ఉంది. 1955లో మిషిగన్ రాష్ట్రంలో జాక్సన్ అనే ఊళ్లో పుట్టాడు. అమ్మానాన్నా ఇద్దరూ చదువు చెప్పేవాళ్లే. మిన్నెసోటా యూనివర్సిటీకి క్వార్టర్‌బ్యాక్‌గా ఆడాడు. 1977 డ్రాఫ్ట్‌లో, అంటే ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే చోట, ఒక్క జట్టూ ఆయన పేరు పిలవలేదు. నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌ని నమ్మి జట్టు చేతిలో పెట్టే రోజులు కావవి. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ వాళ్లు తీసుకున్నారు, కానీ సేఫ్టీగా మార్చేశారు.

చెల్లి: పాపం, నేర్చుకున్నదంతా పక్కన పెట్టి మళ్లీ మొదట్నుంచా?

అన్న: పక్కన పెట్టలేదు, అది చూడు. బంతి ఎటు విసరాలా అని ఏళ్ల తరబడి ఆలోచించినవాడు, ఇప్పుడు అవతలివాడు ఎటు విసురుతాడో కనిపెట్టాలి. లెక్క ఒకటే, కూర్చున్న వైపు మారిందంతే. 1978లో ఆరుసార్లు అవతలి జట్టు బంతిని గాల్లోనే పట్టేశాడు. స్టీలర్స్ జట్టులో ఆ ఏడాది అందరికన్నా ఎక్కువ అవే. ఆ సీజన్ చివర్న డల్లాస్‌ని 35-31తో ఓడించి సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, గెలిచారు.

అంతకుముందు ఏడాది ఇంకో ముచ్చట. హ్యూస్టన్‌తో ఆట, జట్టులో ఉన్న క్వార్టర్‌బ్యాక్‌లు ఇద్దరికీ దెబ్బలు తగిలాయి. కోచ్ చక్ నోల్ చుట్టూ చూస్తే, బంతి విసరడం వచ్చినవాడు ఈ కొత్త కుర్రాడొక్కడే. అలా అదే ఆటలో ఒకసారి అవతలివాళ్ల బంతి పట్టాడు, తర్వాత తను విసిరిన బంతి వాళ్ల చేతికిచ్చాడు. ఓడిపోయార్లే. కానీ ఒకే మధ్యాహ్నం ఆటని రెండు వైపుల నుంచీ చూశాడు కదా, కోచింగ్‌కి అంతకంటే పాఠం ఏముంటుంది!

చెల్లి: మరి ఆటగాడిగా ఎంతకాలం ఉన్నాడు?

అన్న: మూడు సీజన్లే. 1981లో పాతికేళ్ల వయసులో అదే నోల్ దగ్గర సహాయ కోచ్‌గా చేరాడు. 28కే డిఫెన్స్ మొత్తం చూసుకునే కోఆర్డినేటర్. అంత చిన్న వయసులో అంత పైకొచ్చినవాడు, హెడ్ కోచ్ కావడానికి 1996 దాకా ఆగాల్సొచ్చింది. పదిహేను సీజన్లు సహాయకుడిగానే! ఇంటర్వ్యూలకి పిలవడం, వేరేవాళ్లకి ఉద్యోగం ఇవ్వడం. ఆ పదిహేనేళ్లు తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది. చివరికి ఇచ్చింది మా టాంపా బే బకనీర్స్.

చెల్లి: మీ జట్టు అప్పట్లో బాగుండేదా?

అన్న: ఎక్కడా! 1982 తర్వాత గెలుపులు ఓటముల్ని దాటిన సీజనే లేదు. డంగీ వచ్చాక కూడా మొదటి తొమ్మిది ఆటల్లో ఎనిమిది ఓడారు. వేరే ఎవరైనా అయితే పద్ధతి మార్చేసేవాళ్లు. ఈయన ఒక్కటీ మార్చలేదు, గొంతు పెంచలేదు. ఉన్న నాలుగు పనులే నిద్రలో లేపినా తప్పు లేకుండా చేసేదాకా చేయించాడు. మిగిలిన ఏడింట్లో ఐదు గెలిచారు. మరుసటేడు పది గెలుపులు, ప్లేఆఫ్స్ కూడా, అంటే సీజన్ చివర్న జరిగే నాకౌట్ ఆటలు.

చెల్లి: ఆ నాలుగు పనులు ఏంటి?

అన్న: దానికి టాంపా టూ అని పేరు. ఇద్దరు సేఫ్టీలు మైదానం వెనక భాగాన్ని చెరి సగం పంచుకుంటారు. మధ్యలో సందు మిగులుతుంది కదా, బంతి విసరబోతున్నారని తెలియగానే డిఫెన్స్ నడిమధ్యలో నిలబడే మిడిల్ లైన్‌బ్యాకర్ వెనక్కి పరుగెత్తి ఆ సందు మూస్తాడు. చిన్న చిన్న పాసులు ఇచ్చినా ఫర్వాలేదు, బంతి మన తల దాటి వెళ్లకూడదు. పేరు మా ఊరిదే కానీ పునాది పిట్స్‌బర్గ్‌లో నోల్ దగ్గర నేర్చుకున్నదే. తన డిఫెన్స్ కోఆర్డినేటర్ మాంటీ కిఫిన్‌తో కలిసి ఇక్కడ దాన్ని పదునుపెట్టాడు.

చెల్లి: అంత బాగుంటే ఉద్యోగం ఎందుకు పోయింది?

అన్న: ఉన్నమాట చెప్పాలి. డిఫెన్స్ ఎంత గట్టిదో, ఆయన జట్టు పాయింట్లు కొట్టడంలో అంత పేలవం. 1999లో సూపర్ బౌల్‌కి ఒక్క మెట్టు దూరంలో 11-6తో ఓడారు. తర్వాత వరుసగా రెండేళ్లు ఫిలడెల్ఫియాలో ప్లేఆఫ్ ఆట, రెండిట్లోనూ ఒక్క టచ్‌డౌన్ లేదు, అంటే బంతిని అవతలివాళ్ల చివరి గీత దాటించిందే లేదు. 2002 జనవరిలో తీసేశారు. సరిగ్గా ఏడాదికి అదే జట్టు జాన్ గ్రూడెన్ చేతిలో సూపర్ బౌల్ గెలిచింది. విత్తింది ఒకరు, పంట ఇంటికి తెచ్చుకుంది ఇంకొకరు.

చెల్లి: అప్పటికి డంగీ ఎక్కడున్నాడు?

అన్న: ఇండియానాపొలిస్ కోల్ట్స్‌లో. అక్కడ క్వార్టర్‌బ్యాక్‌గా పేటన్ మ్యానింగ్ ఉన్నాడు, పాయింట్ల కరువు తీరింది. ఏడు సీజన్లున్నాడు, ఏడుసార్లూ ప్లేఆఫ్స్‌కి వెళ్లారు. మధ్యలో 2005 డిసెంబర్లో పద్దెనిమిదేళ్ల కొడుకు పోయాడమ్మా. ఆ దుఃఖంలోనే మళ్లీ వచ్చి జట్టు ముందు నిలబడ్డాడు. దాని గురించి ఇంతకన్నా నేను మాట్లాడలేను.

చెల్లి: మాట్లాడొద్దులే అన్నయ్యా. సూపర్ బౌల్ సంగతి చెప్పు.

అన్న: 2007 ఫిబ్రవరి 4, మయామి. నలుగురం తెలుగువాళ్లం ఒకే అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లం, టీవీలో కెమెరా అద్దం మీద నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. అంత వాన. మొదటి కిక్‌నే షికాగో ఆటగాడు డెవిన్ హెస్టర్ పట్టుకుని చివరిదాకా పరుగెత్తాడు. పధ్నాలుగు సెకన్లు! డంగీ మొహంలో ఏమీ మారలేదు. 29-17తో కోల్ట్సే గెలిచారు. అవతలి కోచ్ లవీ స్మిత్ ఎవరనుకున్నావ్? టాంపాలో డంగీ దగ్గర పనిచేసినవాడే. సూపర్ బౌల్‌కి జట్లను తెచ్చిన మొదటి నల్లజాతి హెడ్ కోచ్‌లు వీళ్లిద్దరే. ఎవరు ఓడినా అది చరిత్రే. ఆటగాడిగా, హెడ్ కోచ్‌గా రెండు రకాలుగానూ సూపర్ బౌల్ గెలిచిన మూడో మనిషి డంగీ. 2016లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి, అంటే ఈ ఆటలో మేటి వాళ్లకిచ్చే గౌరవానికి, ఎంపికయ్యాడు.

చెల్లి: నేను ఒకే ఒక్క ఆట చూడాలంటే ఏది చూడను? ఆ వాన ఆటేనా?

అన్న: కాదమ్మా. 2003 అక్టోబర్ 6, సోమవారం రాత్రి. తనని తీసేసిన టాంపాకే కోల్ట్స్‌తో వచ్చాడు, పైగా ఆ రోజు ఆయన పుట్టినరోజు. ఐదు నిమిషాలు మిగిలి ఉండగా 35-14తో వెనకబడి ఉన్నారు. చుట్టూ జనం లేచి వెళ్లిపోతున్నారు. అక్కడి నుంచి మూడు టచ్‌డౌన్లు, స్కోరు సమం. అదనపు సమయంలో కోల్ట్స్ గోల్ స్తంభాల మధ్యకి తన్నిన కిక్ తప్పింది, కానీ మా టాంపా ఆటగాడొకడు రూల్ తప్పి దూకాడని మళ్లీ తన్నమన్నారు. ఆ రెండోది ఎవరి చేతికో తగిలి, గోల్ స్తంభానికి కొట్టుకుని లోపల పడింది. 38-35.

చెల్లి: అయితే ఆ చివరి ఐదు నిమిషాలు చూస్తా.

అన్న: మొదట్నుంచీ చూడు. 35-14 అయినప్పుడు కెమెరా ఆయన మీదకు వెళ్తే, అక్కడ ఒక్క నిమిషం ఆపి ఆ మొహం చూడు. చూశాక నాకు ఫోన్ చెయ్, ఏ టైమైనా సరే.