అత్తయ్య ఏడింటికి లేచిన రోజు

నమస్కారమండీ, ఒడిశాలోని బరంపురం నుంచి. వెనకాల టకటకమని వినబడుతోంది కదా, అది మా అత్తయ్య అప్పడాల కర్ర. రికార్డింగ్ ఉంది, కాసేపు ఆపండి అత్తయ్యా అంటే, "నీ వీడియో నీది, నా పిండి నాది" అంది. కాబట్టి ఈరోజు బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ ఆవిడదే.

జూన్‌లో బాలి వెళ్ళొచ్చారు, వీడియో ఏదీ అని చాలామంది అడిగారు. దాచడం ఎందుకు, నేను అక్కడ తీసింది మొత్తం పదకొండు నిమిషాలు. అందులో నాలుగు నిమిషాలు, ఫోన్ ఆపడం మర్చిపోయి తీసిన నా చెప్పులు. అందుకని ఇవాళ బొమ్మేమో మా ఇంటిది, కబురేమో బాలిది. సర్దుకోండి.

ఈ షాట్ చూడండి. తెల్లవారుజాము నాలుగున్నర. వీధిలైట్లు ఇంకా ఆర్పలేదు, మా వంటింట్లో మాత్రం లైటు వేసుంది. కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ లేచే టైము ఇదే. అలారం అనేది ఎరగదు. కళ్ళాపి జల్లి, ముగ్గేసి, రాత్రి తడిపి ఉంచిన మినప్పిండి ముందేసుకుంటుంది. అరచేతికి నూనె రాసుకుని ఉండలు చేసి, ఒత్తి, ఎండెక్కే లోపు డాబా మీద పాత చీర పరిచి ఆరేస్తుంది. అంచు కాస్త లేవగానే తిరగేయాలి. ఒక్క పది నిమిషాలు ఏమరితే గిన్నెలా వంగిపోతుంది, అలాంటి అప్పడం డబ్బాలో సర్దేటప్పుడే పుటుక్కుమంటుంది. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా నాకు ఆ సమయం అంతుపట్టలేదు. ఆవిడ కిందనుంచే, "లేచుంటాయి, తిరగేసిరా" అని అరుస్తుంది. వెళ్ళి చూస్తే లేచే ఉంటాయి.

సరే, బాలి. మా ఆయనకి పాలసీ డబ్బులు చేతికొచ్చాయి. అమ్మ మా పక్కనున్న గోపాల్‌పూర్ దాటి సముద్రం చూడలేదన్నాడు. రైల్లో విశాఖ, అక్కణ్ణుంచి విమానంలో సింగపూర్, ఇంకో విమానంలో బాలిలోని దెన్‌పసార్. దిగిన చోటే వీసా ఇస్తారు, మనిషికి ఐదు లక్షల రూపియాలు. "ఐదు లక్షలా!" అని అత్తయ్య అక్కడే సూట్‌కేసు మీద కూలబడింది. వాళ్ళ లక్ష మన ఐదొందల చిల్లరేనని చెప్పి లేపేసరికి వెనక క్యూ పెరిగిపోయింది. ఆ తర్వాత నాలుగు రోజులూ కొబ్బరిబోండాం కొన్నా లక్షల్లోనే మాట్లాడింది. అదో సరదా.

మేం దిగింది సానూర్ అనే చోట, సముద్రం ఒడ్డున ఒక ఇంట్లో. మర్నాడు పొద్దున్న ఒక్కసారిగా కేక. "ఓలమ్మో, పొద్దెక్కిపోనాదే! నన్ను లేపలేదేటి?" జుట్టు విరబోసుకుని వరండాలో నిలబడింది. గోడ మీద గడియారం ఏడు. ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఆవిడ మొహంలో ఎంత తప్పు చేసిన భావమంటే, నాకు నవ్వాలో ఓదార్చాలో తెలియలేదు. అసలు సంగతేంటంటే, బాలి టైము మనకంటే రెండున్నర గంటలు ముందు. ఆవిడ లేచింది ఠంచనుగా నాలుగున్నరకే. గడియారం జరిగింది గానీ ఆవిడ జరగలేదు. ఎంత చెప్పినా నమ్మలేదు. "ఏడంటే ఏడే" అంది.

ఇంతలో ఆ ఇంటావిడ పళ్ళెం తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. అరటిపండు బజ్జీలు, కాఫీ. అక్కడ కాఫీ వడకట్టరు, పొడి అడుగుకి దిగేదాకా ఆగి తాగాలి. అత్తయ్య ఆగలేదు, అడుగుదాకా తాగేసింది. పళ్ళమీద పొడి అంటుకుంది. అలాగే చాలాసేపు పళ్ళెం వైపు చూస్తూ కూచుంది. లేవగానే ఆవిడ చేతికి ఎవరో కాఫీ అందివ్వడం... నేను లెక్కేసుకున్నాను. మా ఇంట్లో అలా జరిగిన రోజు ఒక్కటీ గుర్తు రాలేదు. నాతో కలిపి.

అక్కడివాళ్ళు పొద్దున్నే లేత కొబ్బరాకుతో చిన్న దొప్ప కుట్టి, పూలు పెట్టి, అగరొత్తి గుచ్చి గుమ్మంలో, పొయ్యి దగ్గర, ఆఖరికి స్కూటర్ మీద కూడా పెడతారు. చనాంగ్ సారీ అంటారు. అత్తయ్య రెండోరోజు నుంచి ఆ ఇంటావిడ పక్కన చేరి ఆకు మడవడం మొదలెట్టింది. ఈవిడకి ఆ భాష రాదు, ఆవిడకి మన భాష రాదు. అయినా గంటసేపు కబుర్లే. ఇంటావిడ పేరు వయాన్, మా డ్రైవర్ పేరూ వయానే. పుట్టిన వరస బట్టి వయాన్, మడే, న్యోమన్, కెతుత్ అని పెడతారట. ఐదోవాడు పుడితే మళ్ళీ వయాన్. "అంటే మన పెద్దోడు, నడిపోడు, చిన్నోడే కదేటి" అని తేల్చేసింది అత్తయ్య.

గోపాల్‌పూర్‌లో మమ్మల్ని మడమ తడిసేదాకా కూడా పోనివ్వదు, అల లాగేస్తుందని. సానూర్‌లో దూరంగా పగడపు దిబ్బలు అలని విరిచేస్తాయి, ఒడ్డున నీళ్ళు చెరువులా ఉంటాయి. చీర కాస్త పైకి దోపి, నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని రోజూ రెండు గంటలు కూచుంది. చేతిలో పని లేకుండా. మేం చూసిన గుళ్ళు, వరిమళ్ళు మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు, వదిలేస్తున్నాను.

ఉలువాతు కోతి సంగతి మాత్రం చెప్పాలి. కొండకొమ్మున గుడి, కింద సముద్రం. అక్కడి కోతులు వస్తువు లాక్కుని, పండు ఇస్తేనే తిరిగిస్తాయి. దీనిమీద పరిశోధన కూడా జరిగింది. ముదురు కోతులు మనిషికి ఏది ఎక్కువ అవసరమో చూసి మరీ లాగుతాయట. అత్తయ్య కళ్ళజోడు పోయింది. ఆవిడ వేలు చూపించి, "దే! మో చష్మా దే!" అని ఒడియాలో గద్దించింది. మా డాబా మీద అప్పడాలకొచ్చే కోతుల్నీ అలాగే తిడుతుంది, కోతులకి ఒడియా అయితేనే తెలుస్తుందని ఆవిడ నమ్మకం. చివరికి గుడి మనిషి పండిస్తే వదిలింది. ఒక కాడ వంగింది. ఇప్పుడు మీకు కనిపిస్తున్న ఆ దారం దానికే.

ఈ షాట్ నిన్నటిది. రేపు కార్తీక పౌర్ణమి, అరటిదొప్పలు కోస్తోంది. మనం దీపం వదిలే దొప్ప, ఒడియావాళ్ళు బొయిత అని వదిలే పడవ, మా వీధి చెరువులో రెండూ కలిసే పోతాయి. వెనకటి సాధబ వర్తకులు ఈ రోజుల్లోనే బాలి, జావాలకి ఓడలెక్కేవాళ్ళని కథ. ఇప్పుడే గాలి ఈశాన్యం నుంచి వీయడం మొదలెడుతుంది, తెరచాప దాంతో సాగుతుంది. వానాకాలం గాలికి వెనక్కొచ్చేవాళ్ళు. ఇది చెబితే అత్తయ్య కత్తిపీట ఆపి, "అయితే మనం జూన్‌లో ఎదురుగాలికి పోనామే" అంది.

వచ్చాక ఆవిడ మార్చుకున్నది ఒక్కటే. పొద్దున్నే మా ఆయన స్కూటర్ మీద ఆకుదొప్పలో మందారం పెడుతోంది. ఆయన సందు మలుపు తిరిగేలోపు అది పడిపోతుంది. మలుపులో ఒక మేక ఉంది, దానికి ఈ టైము తెలుసు.

నాలుగున్నరకి మాత్రం నా వల్ల కాలేదు. ఐదింటికి లేచి కాఫీ పట్టుకెళ్ళాను, మొన్న. "పొడి దిగిందా?" అని అడిగి, నవ్వి తీసుకుంది. నిన్న నిద్ర పట్టేసింది, లేవలేదు. ఇవాళ... అదిగో, కుళాయి వచ్చింది, బిందెలు పెట్టాలి. ఉంటానండీ.