పదహారు నాలుగుల 64, మిగిలేవి 10

వేదిక మీదున్న పెద్దలకూ, సెలవు మానుకుని వచ్చిన లెక్కల మాస్టార్లకూ, టీచర్లకూ నమస్కారం. రామానుజన్ పుట్టినరోజు కదా, ఆయన గురించి మాట్లాడమన్నారు. నాకన్నా బాగా చెప్పేవాళ్లు మధ్యాహ్నం ఉన్నారు. నా సమయమంతా ఒక టైల్‌కి ఇస్తాను, మన్నించండి.

ఫ్రాన్స్‌లో సెబాస్టియన్ ట్రూషే అనే క్రైస్తవ సన్యాసి ఉండేవారు. 1657లో లియోన్‌లో పుట్టారు. కాలువల పనుల్లో దిట్ట. ఓర్లియాన్స్ కాలువ పనిమీద వెళ్తూ ఒక కోటలో, నేల మీద పరవడానికి తెచ్చిన టైల్స్ చూశారు. చదరపు టైల్, కర్ణానికి ఇటొక రంగు, అటొక రంగు. అంతే. ఇలాంటివి రెండు పక్కపక్కన పెడితే ఎన్ని రకాలు వస్తాయో ఆయన లెక్క తీశారు. 1704లో పారిస్ సైన్స్ అకాడమీ ముందు పెట్టారు.

ఒక్కో టైల్‌ని నాలుగు రకాలుగా తిప్పొచ్చు. రెండోది మొదటిదానికి కుడివైపో, ఎడమవైపో, పైనో, కిందో ఉంటుంది. నాలుగు నాలుగుల పదహారు, పదహారు నాలుగుల 64. మన పిల్లలు ఇక్కడ పెన్ను మూసేస్తారు. ట్రూషే మూయలేదు. తిప్పి చూస్తే ఒకటే అయిన బొమ్మలన్నీ కలిపేస్తూ పోయారు. చివరికి మిగిలినవి 10.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. నేను పనిచేసిన ఒక బడిలో, పాత శుభలేఖల అట్టలు కత్తిరించి, సగం నల్లరంగు పూసి, తొమ్మిదో తరగతి పిల్లలకిచ్చాను. వరండా అంతా పరిచారు. రెండు బొమ్మలు ఒకటేనా కాదా అని గొడవ. ఒక పిల్లవాడు లేచి, అటువైపుకి నడిచి వెళ్లి, అక్కణ్ణుంచి చూసి, "ఒకటేరా!" అని అరిచాడు. భ్రమణం అంటే ఏమిటో వాడికి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. సరిగ్గా అప్పుడే పైనుంచి ఒకాయన వచ్చారు. "ఇది పరీక్షలో వస్తుందా మాస్టారూ?" అన్నారు. అట్టలన్నీ గోనెసంచిలోకి పోయాయి. మర్నాటి నుంచి ఆ పీరియడ్‌లో స్లిప్ టెస్టులు. ఆ కోపం నాకింకా తగ్గలేదు. తగ్గకూడదు కూడా. వెనక వరసలో నవ్వుతున్న మాస్టారూ, మీ బడిలోనూ జరిగింది కదూ? చేతులెత్తండి, ఎంతమందికి జరిగిందో చూద్దాం.

చూశారా.

పదహారు టైల్స్‌ని నాలుగు వరసలుగా పేరిస్తే 429 కోట్లకు పైగా అమరికలు వస్తాయి. 1987లో సిరిల్ స్టాన్లీ స్మిత్ అనే లోహశాస్త్రవేత్త ఇంకో రకం టైల్ చూపించారు. ఎదురెదురు మూలల్లో రెండు పావు వృత్తాలు. ఒక్కోటీ ఒక అంచు మధ్యబిందువు దగ్గర మొదలై పక్క అంచు మధ్యబిందువు దగ్గర ముగుస్తుంది కాబట్టి, ఎలా తిప్పినా పక్క టైల్ గీతతో కలుస్తాయి. గీత మధ్యలో తెగదు. తిరిగి తనలో కలిసిపోతుంది, లేదా బయటి అంచుకి చేరుతుంది. ఎందుకలా అని పిల్లల్నే అడగండి, చెప్పేస్తారు.

నేను రాసుకొచ్చిన కాగితంలో ఇంకా చాలా ఉంది, వదిలేస్తున్నాను. ఈ సంచిలో కత్తిరించిన అట్టలున్నాయి. ఇద్దరిద్దరు కూర్చుని, ఆ పది బొమ్మలూ టీ వచ్చేలోపు పేర్చండి. పెన్నులు జేబుల్లోనే ఉంచండి. ముందు వరస వాళ్లు వెనక్కి అందించండమ్మా.